సీటు కోసం ఇల్లు మార్చేముందు ఒక్కమాట

ఈసారి చేపల రేటు గురించీ కాదు, ధాన్యం డబ్బుల గురించీ కాదు. పోస్టు పెద్దదే. బడి వయసు పిల్లలున్నవాళ్ళు మాత్రం కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. లేనివాళ్ళు, ఉన్నవాళ్ళకి పంపించండి.

మొన్న ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెం అవతల పల్లెలో ఉంటాడు, అరటి, కొబ్బరి వేస్తాడు. "బావా, ఏలూరులో ఒక పోర్షన్ చూసిపెట్టు. పిల్లోడు నాలుగో తరగతిలోకి వస్తున్నాడు. జూన్‌లో తెచ్చి టౌన్ స్కూల్లో వేసేస్తాను. రెండేళ్ళు గట్టిగా చదివిస్తే పెదవేగి నవోదయలో సీటు వచ్చేస్తుంది. పెదవేగి ఇప్పుడు ఏలూరు జిల్లా కదా, మేమేమో పశ్చిమ గోదావరిలో మిగిలిపోయాం. అక్కడికి వచ్చేస్తే ఆ గొడవా ఉండదు. పైగా వాడికి నలుగురిలో తిరగడం అలవాటవుతుంది. ఇక్కడ మన వీధి తప్ప వాడికి లోకం తెలియట్లేదు" అన్నాడు.

ఆ మాటల్లో రెండు తప్పులున్నాయి, ఒక నిజం ఉంది. ఆ రెండు తప్పుల్లో ఒకటి నేనూ చేశాను. అందుకే ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ఫోన్లు నాకు నాలుగైదు వస్తాయి. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుంది.

ముందు మా సంగతి. మాది ఏలూరు నుంచి గుడివాకలంక వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. కొంత వరి, కొంత కాంటూరు బయట చేపల చెరువు. 2018 జూన్‌లో మా పెద్దమ్మాయిని నాలుగో తరగతిలో ఏలూరు తెచ్చేశాం. అమ్మాయి, వాళ్ళమ్మ, చంటోడు ముగ్గురూ ఏలూరులో. నేను ఊళ్ళో. పొద్దున్నే చెరువు మీద మేత చూసుకోవడం, సాయంత్రం బండేసుకుని ఏలూరు రావడం, ఏరియేటర్ ఆగిపోయిందని ఫోనొస్తే అర్ధరాత్రి మళ్ళీ ఊరెళ్ళడం. రెండు పొయ్యిలు, రెండు కరెంటు బిల్లులు, ఒక బడి ఫీజు. ఇదంతా దేనికి? నవోదయ సీటు కోసం. నవోదయ అంటే మా ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. ఆరో తరగతిలో చేరితే పన్నెండు దాకా చదువు, తిండి, బట్ట, పుస్తకం అన్నీ సర్కారువే. తొమ్మిది నుంచి కొందరి దగ్గర నెలనెలా కొంత వికాస నిధి తీసుకుంటారు తప్ప, ఆడపిల్లలకీ, ఎస్సీ ఎస్టీ పిల్లలకీ, పేద కుటుంబాలకీ అదీ లేదు.

2020 జనవరిలో పిల్ల పరీక్ష రాసింది. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సీటు రాలేదు. పిల్లకి రాలేదని నాకు బాధ లేదు. ఫలితాలొచ్చాక తీరిగ్గా కూర్చుని ప్రాస్పెక్టస్ మొదటి నుంచీ చదివినప్పుడు బాధేసింది. ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలో పదిమందిని అడిగి చెరువు నింపేవాణ్ణి, సొంత పిల్ల చదువుకి ఉన్న నిబంధన మాత్రం ఒక్కసారి చదవలేదు.

అందులో ఏముందో చెప్తాను, రాసి పెట్టుకోండి.

ఒక నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం, అంటే 60 సీట్లు, గ్రామీణ పిల్లలకే. మిగతా 20 సీట్లకి టౌను పిల్లలూ, పల్లె పిల్లలూ అందరూ కలిసి పోటీ. ఇప్పుడు అసలు సంగతి. గ్రామీణ కోటాలో లెక్కలోకి రావాలంటే పిల్ల మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ పూర్తిగా పల్లెటూరి బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్ళలో ఒక్క రోజు టౌన్ బడిలో పేరున్నా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. ఒక్క రోజు! నేను రెండేళ్ళు చదివించాను, అదీ అప్పు చేసి.

పల్లెలోనే ఉంచి ఉంటే సీటు వచ్చేసేదని నేననను. ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ 80 సీట్ల పోటీలో నిలబడాల్సిన పిల్లని నా చేత్తో నేనే 20 సీట్ల పోటీలోకి తోసేశాను. పరీక్ష ఒక్కసారే, రెండోసారి రాయనివ్వరు. అంటే ఆ తప్పు దిద్దుకునే దారి కూడా లేదు.

ఇంకో తిరకాసు ఉంది. "టౌన్లో వద్దులెండి, ఊరి చివర పల్లెలో చేరుస్తాం" అంటారు కొందరు. ఏ పల్లె? శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్ళమూడి ఇవన్నీ మనకి చిన్నప్పటి నుంచి ఊళ్ళే. కానీ ఇప్పుడవి ఏలూరు కార్పొరేషన్‌లో కలిసిపోయాయి. నవోదయ వాళ్ళు 2011 జనాభా లెక్కల్ని, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ నోటిఫికేషన్లని చూస్తారు. మన కళ్ళకి గేదెలు, గడ్డివాములు కనపడినంత మాత్రాన అది పల్లె కాదండీ.

రెండో తప్పు, మా బావమరిది జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, ఏలూరు కేంద్రంగా ఏలూరు జిల్లా. గూడెం అటు పోయింది, పెదవేగి ఇటు వచ్చింది. దాంతో గూడెం, తణుకు, భీమవరం వైపు చాలామంది మనకి నవోదయ లేదనుకుంటున్నారు. ప్రాస్పెక్టస్‌లో స్పష్టంగా రాశారు. జిల్లా విడిపోయి, కొత్త జిల్లాలో ఇంకా నవోదయ పెట్టకపోతే, పాత జిల్లా సరిహద్దులే లెక్క. ఇల్లు మార్చే ముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్ తెరిచి ఆ పేరా చదువుకుంటే చాలు. దానికోసం అరటితోట వదిలి రానక్కర్లేదు.

నవోదయ ఒక్కటే కాదు. నూజివీడు ట్రిపుల్ ఐటీ చూడండి. 2008లో పెట్టారు. పదో తరగతి మార్కులతోనే సీటు. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి నాలుగు శాతం కలుపుతారు. అక్కడ నాలుగు శాతం అంటే ఎంతో, ఒక్క మార్కులో సీటు పోయిన తల్లిదండ్రుల్ని అడగండి. మనం లక్షలు కట్టి ఆ నాలుగు శాతం పోగొట్టుకుంటున్నాం.

మా అమ్మాయి సంగతి ఇంకా కడుపు మండేది. దానికి మొక్కలంటే ఇష్టం. గూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది కదా, అందులో బీఎస్సీ హార్టికల్చర్ చదువుతానంటుంది. వ్యవసాయ, ఉద్యాన కోర్సుల్లో రైతుబిడ్డలకి 40 శాతం కోటా ఉంది. దానికి పొలం కాగితం ఒక్కటే చాలదు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్ళు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండాలి. మా పిల్ల ఊళ్ళో చదివింది ఒకటి, రెండు, మూడు. మూడేళ్ళు. ఒక్క ఏడాది తక్కువ! ఇంటర్ అయినా పల్లెటూరి కాలేజీలో చదివిస్తే సరిపోయేది. ఏలూరులో చేర్చాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. కొల్లేరు గట్టు మీద పుట్టిన రైతు కూతురు, కాగితాల్లో మాత్రం రైతు కోటాకి పనికిరాదు. ఆ పని చేసింది ఏ ఆఫీసరూ కాదు, నేనే.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు "అయితే ఎవరూ ఊరు కదలకూడదా?" అని అడుగుతారు. నా మాట అది కాదు. ఇప్పుడు మా బావమరిది చెప్పిన నిజం దగ్గరికి వద్దాం. పిల్లలు నలుగురిలో పెరగాలి అన్నాడు. అది నిజం. కానీ మనం ఆ పని ఎలా చేస్తున్నాం?

ఈ ఆలోచన మన తెలుగువాళ్ళకి కొత్తది కాదు. పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ మరుసటి ఏడాది ఇటు గుంటూరు జిల్లా తాడికొండలో, అటు అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో వచ్చాయి. తర్వాత ఆయన కేంద్రంలో విద్య చూస్తున్నప్పుడు 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయలు దేశమంతా వెళ్ళాయి. ఆ బడుల వెనక ఉన్న ఆలోచన ఏంటో చూడండి. ఇల్లు కదలక్కర్లేదు, పొలం వదలక్కర్లేదు. పిల్లోడు ఒక్కడే కదులుతాడు. పరీక్ష పెట్టి ఊరికొకళ్ళని ఏరి తెచ్చి, కూలివాడి కొడుకునీ, కరణం గారి మనవణ్ణీ, గిరిజన పిల్లనీ ఒకే వరసలో మంచాలు వేసి పడుకోబెడతారు. ఆడపిల్లలకి మూడోవంతు తగ్గకుండా సీట్లు. అంతటితో ఆగలేదు. తొమ్మిదో తరగతిలో వందకి 30 మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపిస్తారు, అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తారు. పప్పుచారు తినే పిల్లోడు రోటీ తినడం నేర్చుకుంటాడు, వాళ్ళ పిల్లోడు మన ఆవకాయకి ఏడుస్తూ అలవాటు పడతాడు.

మరి మనం కనిపెట్టిన పద్ధతేంటి? ఇల్లు మొత్తం కదులుతుంది. కలవడం మాత్రం జరగదు.

2018లో నేను ఇల్లు వెతికిన సంగతి చెప్తాను. మొదటి ఇల్లు అశోక్‌నగర్ వైపు. ఇంటాయన మంచినీళ్ళిచ్చాడు, కూర్చోమన్నాడు, ఎన్ని ఎకరాలు అన్నాడు, ఆ తర్వాత మెల్లిగా "ఇంతకీ మీరేంట్లండీ?" అన్నాడు. చెప్పాను. మొహంలో తేడా లేదు గానీ, ఇల్లు సాయంత్రానికి వేరేవాళ్ళకి ఇచ్చేశానన్నాడు. రెండో ఇంట్లో గుమ్మం దగ్గరే ఆ ప్రశ్న. మూడో చోట అడక్కుండానే "మనవాళ్ళే కదా, పర్లేదు" అన్నారు. మనవాళ్ళం కాదు, పొరపాటు పడ్డారు. నా కులం ఏదో ఇక్కడ రాయను. రాస్తే కామెంట్లన్నీ దానిమీదే నడుస్తాయి, అసలు సంగతి గాలికి పోతుంది.

కోపం వచ్చింది, నిజమే. కానీ బండి మీద ఊరికి తిరిగొస్తూ నన్ను నేను అడిగాను. మా ఊళ్ళో మా వీధిలో ఇల్లు ఖాళీ ఉంటే పేట వాళ్ళకి అద్దెకిస్తామా? చెరువులో వల లాగడానికి వచ్చే వడ్డీల కుటుంబానికి ఇస్తామా? మా నాన్న బతికుండగా ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. ఆ అశోక్‌నగర్ ఆయన మా ఊరి మనిషే, కాస్త ముందు ఏలూరు వచ్చాడు, అంతే. ఊరు వదిలి వచ్చినవాళ్ళం ఊళ్ళోని వీధుల్ని మాత్రం మూటకట్టుకుని వెంట తెచ్చుకుంటున్నాం. ఏలూరులోనో, గూడెంలోనో, విజయవాడలోనో దింపి మళ్ళీ అలాగే కడుతున్నాం.

చివరికి మాకు ఇల్లు దొరికింది తంగెళ్ళమూడిలో. మా ఇష్టంతో కాదు, వేరే దొరక్క. ఇంటివాళ్ళు ముస్లింలు. ముసలాయన తివాచీలు నేసేవాడు. ఏలూరు తివాచీలు ఎప్పుడో పర్షియా నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన విద్య అని మీకు తెలిసే ఉంటుంది. ఏలూరు పేరు విదేశాలకి వెళ్ళింది ఆ మగ్గాల మీదే. ఎదురింట్లో రైల్వేలో పనిచేసే ఒరియా కుటుంబం. పక్క పోర్షన్‌లో జూట్ మిల్లులో చేసి రిటైరైన క్రైస్తవుడు, ఆయన భార్య నర్సు. మొదటి నెల మా ఆవిడ రోజూ ఏడ్చేది. మా అమ్మ అయితే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఏమైందో చెప్పనా? నాకు అర్ధరాత్రి ఏరియేటర్ ఫోనొస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నారన్న భయం పోయింది. చంటోడికి జ్వరమొస్తే నర్సమ్మ గారు చూసేవారు. మా ఆవిడ రైల్వే వాళ్ళావిడ దగ్గర హిందీ మాటలు నేర్చుకుంది. మా పిల్ల మగ్గం దగ్గర కూర్చుని ముసలాయన ముడులు ఎలా లెక్కపెడతాడో చూసేది. గుణింతాల ఎక్కాలు బడిలో కంటే అక్కడే ఎక్కువ వచ్చాయని ఇప్పటికీ అంటుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి చేపలు కొనేవాడు లేక మా చేతిలో రూపాయి ఆడనప్పుడు మూడు నెలల అద్దె అడగలేదు ఆ ముసలాయన. ఆ పెద్దాయన పోయిన రోజు మా అమ్మ ఊరి నుంచి వచ్చి వాళ్ళింట్లో కూర్చుంది. నీళ్ళు ముట్టని మా అమ్మే.

సీటు కోసం వచ్చాం, అది రాలేదు. అడగనిది ఒకటి వచ్చింది. అదీ ఇల్లు దొరక్కపోబట్టి.

బడి సంగతీ అంతే. నాలుగు, అయిదు తరగతులు చదివిన ప్రైవేటు బడిలో వారం వారం పరీక్ష పెట్టి మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవారు. పై సెక్షన్ పిల్లలు కింది సెక్షన్ వాళ్ళతో ఆడరు. అందరి నాన్నలూ ఇంచుమించు ఒకేలాంటివాళ్ళు, అదే ఫీజు కట్టగలిగినవాళ్ళు. కులం, డబ్బు, మార్కులు మూడు జల్లెళ్ళు పట్టి మిగిలినవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి దానికి మంచి బడి అని పేరు పెట్టుకున్నాం. కరోనా తర్వాత ఫీజు కట్టలేక 2021 ఆగస్టులో బళ్ళు తెరిచినప్పుడు మున్సిపల్ హైస్కూల్లో ఏడో తరగతిలో వేశాం. సిగ్గుపడుతూ వేశాం, చుట్టాలకి చెప్పలేదు. ఆ క్లాసులో కూరగాయల మార్కెట్ హమాలీ పిల్లలు, మగ్గం వాళ్ళ పిల్లలు, హాస్టల్లో ఉండి చదువుకునే బుట్టాయగూడెం వైపు కోయ పిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి మా పిల్లకి ప్రాణ స్నేహితురాలు. సెలవులకి మా ఊరొచ్చి కొల్లేరు చూసింది, గూడకొంగలు చూసింది. మా పిల్ల వాళ్ళ ఊరెళ్ళి ఇప్పపూలు ఏరింది. ఏ కోచింగ్‌లో చెప్తారండీ ఇది?

ఆ బడిలో లోపాలు లేవా అంటే బోలెడున్నాయి. లెక్కల మాస్టారి పోస్టు ఏడాది పాటు ఖాళీ. బాత్రూముల సంగతి రాయకపోతేనే మంచిది. నేనేమీ భజన చేయడం లేదు.

ఇప్పుడు మీరడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "నువ్వు టౌన్లో ఉండి పిల్లని చదివించుకున్నావు, మమ్మల్ని మాత్రం పల్లెలో ఉండమంటావా? ఇక్కడ ఒక్క టీచరుతో అయిదు తరగతులు నడిపిస్తుంటే నీకేం తెలుసు?" తెలుసండీ. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపినప్పుడు ఎన్ని ఊళ్ళ బళ్ళు బోసిపోయాయో చూశాను. ఆ జీవోని తర్వాత 2025లో వెనక్కి తీసుకున్నారు గానీ, ఈలోపు వెళ్ళిపోయిన పిల్లలు తిరిగి రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదంతా కొల్లేరులోకి వచ్చినప్పుడు లంక ఊళ్ళకి దారి లేక పిల్లలు ఎన్నాళ్ళు బడి మానేశారో చూశాను. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో చెరువు గట్లు కొట్టేసినప్పుడు బడి కోసం కాదు, కూటి కోసమే ఊళ్ళొదిలారు జనం. ఇల్లు మారడం మనకి కొత్త కాదు, సరదా అంతకంటే కాదు. బతకలేక వెళ్ళేవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. 2018లో మాతోపాటు మా వీధి నుంచి ఇంకో మూడు కుటుంబాలు కదిలాయి. మొత్తం అయిదుగురు పిల్లలు. ఆ ఏడాది మా ఊరి బడిలో ఒక టీచరు పోస్టు తగ్గింది, పిల్లలు తగ్గారని. వెళ్ళినవాళ్ళం ఎవరం? హెడ్మాస్టారిని నిలదీసి అడగగలిగినవాళ్ళం, ఎమ్మెల్యేకి అర్జీ పెట్టగలిగినవాళ్ళం. మిగిలింది అడగలేనివాళ్ళ పిల్లలు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే ఏటా రెండుసార్లు ఆ బడి కమిటీ మీటింగుకి నా పిల్లలు అక్కడ లేకపోయినా వెళ్ళి కూర్చుంటాను. కొందరు "మీకేం పనండీ" అంటారు. అయినా వెళ్తాను.

మంచి బడి చుట్టూ ఇళ్ళ కోసం ఎగబడటం మన ఒక్కళ్ళ రోగమేం కాదు. ఇంగ్లండులో పేరున్న బడి పక్క వీధిలో ఇల్లు కావాలంటే ఎక్కువ ధర పెట్టాలి. కొరియాలో సియోల్ గంగ్నం వైపు తల్లిదండ్రులు ట్యూషన్ల కోసమే ఇరుకు ఫ్లాట్లకి మారతారు. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. కొనగలిగినవాళ్ళందరూ ఒకచోట చేరతారు, చేరాక ఇక్కడ చదువు బాగుందంటారు.

సరే, మా బావమరిదికి చివరికి ఏం చెప్పానో చెప్పి ముగిస్తాను.

"ఒరేయ్, అయిదో తరగతి అయ్యేదాకా ఊరు కదలకు. మీ ఊరి బడిలోనే ఉంచు. సాయంత్రం రెండు గంటలు నువ్వూ చెల్లెమ్మా దగ్గర కూర్చోండి. పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. మెంటల్ ఎబిలిటీ, లెక్కలు, భాష, మూడే భాగాలు. పాత పేపర్లు తెచ్చుకో. ఏలూరు అద్దెకయ్యే డబ్బులో పదోవంతుతో మీ బడిలోని పిల్లలందరికీ కలిపి ఒక డిగ్రీ కుర్రాణ్ణి సాయంత్రాలు పెట్టుకోవచ్చు. నీవాడొక్కడికే కాదు, అందరికీ పెట్టు. పేట పిల్లల్ని కూడా పిలువు. నీకు కావాల్సిన ఆ నలుగురు మీ ఊళ్ళోనే ఉన్నారు, వీధి అవతల.

సీటొస్తే వాడు పెదవేగి పోతాడు, నువ్వు అరటితోటలో ఉంటావు. రాకపోతే అప్పుడు ఆరో తరగతికి ఆలోచిద్దాం. అప్పుడు ఏలూరు వస్తానంటే నేనే ఇల్లు చూస్తాను. కానీ ఒక షరతు. మనవాళ్ళ వీధి అడగకు. 'మీరేంట్లు' అని అడిగే ఇల్లు వద్దు. బడి చూసేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూడకు, మధ్యాహ్నం గంట కొట్టాక ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో చూడు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పేట పిల్లల్ని మా వాకిట్లోకి పిలిస్తే నాన్న ఒప్పుకోడు బావా" అన్నాడు.

"ఏలూరులో పోర్షన్ తీసుకోవడం అంతకంటే తేలికనిపిస్తోంది కదూ?" అన్నాను. నవ్వాడు. ఏం తేల్చుకున్నాడో ఇంకా చెప్పలేదు. ఆలోచిస్తానన్నాడు, అదే చాలు.

మా చంటోడు చిన్నప్పటి నుంచీ ఏలూరు బళ్ళోనే చదివాడు కాబట్టి వాడికి గ్రామీణ కోటా ఎలాగూ లేదు. మా ఇంట్లో అయిపోయిన కథ ఇది. మీ ఇంట్లో ఇంకా అవ్వలేదు. పిల్లలు మూడో తరగతిలో ఉన్నవాళ్ళు ఈ పోస్టు దాచుకోండి. నవోదయ, ట్రిపుల్ ఐటీ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, దేనికైనా సరే, నా మాట నమ్మి ఊరుకోవద్దు. ఆ ఏటి ప్రాస్పెక్టస్ మీరే చదవండి, చదవడం రాకపోతే బళ్ళో మాస్టారి చేత చదివించుకోండి. నిబంధనలు మారుతుంటాయి.

ఇల్లు మార్చినవాళ్ళూ, మార్చి వెనక్కి వచ్చినవాళ్ళూ మీ అనుభవం రాయండి. ఏ వీధిలో దిగారు, పక్కింట్లో ఎవరున్నారు, పిల్లకి స్నేహితులు ఎవరయ్యారు, అవి రాయండి. ర్యాంకులు వద్దు. కులాల గొడవ పెట్టే కామెంట్లు తీసేస్తాను, ముందే చెప్తున్నా.

ఉంటాను. చెరువు మీద మేత వేసే టైమయ్యింది.